వీపు మీద గడ్డ తీసిన ఆరో రోజు కుట్ల చుట్టూ ఎర్రదనం, రసి: సెప్టిక్ అయినట్టేనా?

మీరు అడిగింది ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, పదేళ్ళుగా షుగర్. వీపు మీదున్న గడ్డని సెబేషియస్ సిస్ట్ (చర్మం కింద సంచిలా ఏర్పడే గడ్డ) అని చెప్పి, ఆ చోటుకి మాత్రమే మత్తు సూది ఇచ్చి తీసేసి, ఐదు కుట్లు వేసి, ఏడో రోజుకి రమ్మన్నారు. ఇవాళ ఆరో రోజు. నిన్నటి నుంచి కుట్ల చుట్టూ ఎర్రబడింది, డ్రెస్సింగ్ గుడ్డకి పసుపుపచ్చ మరక అంటుతోంది, జ్వరం లేదు. మెడికల్ షాపులో ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు. అది వేయాలా, ఇది సెప్టిక్ అయినట్టేనా, పప్పు పెడితే చీము పడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నది నిజమేనా అన్నారు.

ముందు సూటిగా జవాబు. మొదటి నాలుగు రోజులు బాగానే ఉండి, ఐదో రోజున ఎర్రదనం కొత్తగా మొదలైంది. పైగా మనిషికి షుగర్ ఉంది. ఇలాంటప్పుడు ఇన్ఫెక్షన్ కాదని తేలేవరకు ఇన్ఫెక్షన్ కిందే లెక్క వేసుకోవాలి. ఆపరేషన్ చేసిన డాక్టరుకే రేపు పొద్దున్న చూపించండి. జ్వరం, వణుకు, తట్టుకోలేని నొప్పి లేవు కాబట్టి ఈ రాత్రికి రాత్రి పరుగెత్తాల్సిన పని లేదు. షాపులో ఇచ్చిన మాత్ర చూపించే దాకా మొదలుపెట్టకండి. ఎందుకో కింద చెప్తాను. పప్పు నిక్షేపంగా పెట్టండి.

ఈ రాత్రి చేయాల్సింది. చేతులు సబ్బుతో కడుక్కుని డ్రెస్సింగ్ విప్పండి. అంటుకుపోతే లాగకండి, సెలైన్‌తో తడిపి ఐదు నిమిషాలు ఆగితే దానంతట అదే వస్తుంది. సెలైన్ అంటే మెడికల్ షాపులో దొరికే 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసా చాలు. అది దొరక్కపోతే లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు, అంటే ఒకటిన్నర టీస్పూను, వేసి మరిగించి చల్లార్చుకోండి. ఇప్పుడు ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంబడి బాల్‌పెన్నుతో సన్నగా గీత గీయండి, పక్కన టైము రాయండి. ఒక ఫోటో తీయండి. పొద్దున్న అదే వెలుతురులో, అంతే దూరం నుంచి ఇంకొకటి తీయండి. ఎర్రదనం గీత దాటిందా, దాని లోపలే ఉందా, వెనక్కి తగ్గిందా అన్నది డాక్టరుకి మీరు నోటితో చెప్పే పది మాటల కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

మన చామనచాయ, నల్లటి ఒంటి మీద ఎర్రదనం పుస్తకాల్లో బొమ్మల్లా కనపడదు. ముదురు గోధుమరంగుగానో, కాస్త ఊదాగానో మారి, చర్మం సాగి మెరుస్తుంది. అందుకని కంటితో పాటు చేతిని నమ్ముకోండి. చెయ్యి వెనకవైపు ఆనించి చూస్తే చుట్టుపక్కల చర్మం కన్నా వేడిగా ఉందా? వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా ఉందా, చెక్కలా గట్టిపడిందా? నొక్కినప్పుడు కుట్ల మధ్య నుంచి ఏదైనా వస్తోందా? పిండొద్దు, ఒక్కసారి తేలిగ్గా నొక్కి చూస్తే చాలు.

ఇక ఎర్రగా ఉన్నంత మాత్రాన సెప్టిక్ ఎందుకు కాదో, ఏ రోజుకి ఏది మామూలో చెప్తాను. చాలామంది తికమకపడేది ఇక్కడే.

కోసి కుట్టిన చోట మొదటి రెండు మూడు రోజులు ఎరుపు, కాస్త వాపు, తాకితే నొప్పి ఉండి తీరాలి. ఒళ్ళు ఆ చోటుకి రక్తాన్నీ తెల్లకణాల్నీ పంపి మరమ్మతు మొదలుపెట్టిందని దాని అర్థం. ఈ ఎరుపు కుట్ల గీతని అంటిపెట్టుకుని అర సెంటీమీటరు లోపే ఉంటుంది, ప్రతి కుట్టు రంధ్రం చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల గులాబి వలయం కనిపిస్తుంది. మూడో రోజుకి ఇది అక్కడే ఆగి, నాలుగో రోజు నుంచి తగ్గుముఖం పడుతుంది. రసి కూడా అంతే. మొదటి రోజు నీళ్ళ రక్తంలా, తర్వాత లేత పసుపు నీరులా, పలచగా, వాసన లేకుండా, మూడు నాలుగు రోజులు మరక అంటుతుంది. రసి చూసి చీము అనుకోవద్దు. చీము చిక్కగా ఉంటుంది. పసుపు, ఆకుపచ్చ, కొన్నిసార్లు బూడిద రంగు, తరచుగా వాసన. గుడ్డ మీద రసి మరక చుట్టూ పాకి ఆరిపోతుంది, చీము పడ్డచోటే ముద్దగా నిలుస్తుంది.

కాబట్టి చూడాల్సింది ఎరుపు ఉందా లేదా అని కాదు, ఎటువైపు నడుస్తోంది అని. నొప్పి, వాపు, ఎరుపు, తడి, ఈ నాలుగూ నిన్నటికన్నా ఇవాళ తక్కువ ఉండాలి. నాలుగో రోజు దాటాక వీటిలో ఏ ఒక్కటైనా వెనక్కి తిరిగి పెరగడం మొదలైతే డాక్టరు చూడాలి. సలుపు ముఖ్యంగా. మామూలు గాయం తాకితేనే నొప్పి పెడుతుంది. లోపల చీము చేరితే ఊరికే కూర్చున్నా గుండె కొట్టుకున్నట్టు సలుపుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. అయితే పదేళ్ళ షుగర్‌తో నరాల స్పర్శ మందగించినవాళ్ళకి, ముఖ్యంగా పాదాల దగ్గర, ఈ సలుపు తెలియకపోవచ్చు. వాళ్ళ విషయంలో నొప్పి లేదు కదా అని ధైర్యపడకూడదు.

ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఐదు నుంచి పది రోజుల మధ్యే ఎందుకు బయటపడుతుందంటే, కోసిన పూట లోపలికి వెళ్ళిన క్రిములు పెరిగి, చీము కట్టేంత అవడానికి ఆ మాత్రం టైము పడుతుంది. చర్మాన్ని ఎంత శుభ్రం చేసినా వెంట్రుక కుదుళ్ళ లోతులో స్టాఫిలోకాకస్ (స్టాఫ్) అనే క్రిమి మిగిలే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కండలో చీము కట్టాలంటే అవి లక్షల్లో కావాలి. కానీ అక్కడ దారం ఉంటే కొన్ని వందలే సరిపోతాయని 1950లలోనే చూపించారు. దారం అనేది ఒంటికి పరాయి వస్తువు, క్రిములకి దాక్కునే చోటు. మిగిలిపోయిన రక్తపు గడ్డ, కాల్చి రక్తం ఆపినప్పుడు చచ్చిన కొవ్వు, మరీ బిగించి వేసిన కుట్టు కింద రక్తం అందని చర్మం కూడా అదే పని చేస్తాయి. అందుకే ఇన్ఫెక్షన్ వచ్చిందనగానే డాక్టరు శుభ్రత పాటించలేదనీ, మీరు నీళ్ళు తగిలించారనీ అనుకోనక్కర్లేదు. శుభ్రమైన చోట చేసిన చిన్న చర్మపు ఆపరేషన్లలో ఇది నూటికి ఐదుగురి లోపే. చంక, గజ్జ, మోకాలి కింద, చెవి దగ్గర అంతకంటే ఎక్కువ. ముఖానికి రక్తం పుష్కలం కాబట్టి అక్కడ చాలా తక్కువ.

షుగర్ సంగతి. రక్తంలో గ్లూకోజు 200 దాటి ఉన్నప్పుడు తెల్లకణాలు క్రిమి దగ్గరికి చేరడం, మింగడం, చంపడం మూడూ మందగిస్తాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత ఉన్నా, ఈ రెండు వారాలు రోజువారీ లెక్క ముఖ్యం. తిన్నాక కూడా 180 దాటకుండా ఉంచగలిగితే మంచిది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రోజూ పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకి ఒకసారి చూసి రాసిపెట్టండి. ఇంకో సంగతి కూడా ఉంది. తిండి మారలేదు, మాత్రలు మానలేదు, అయినా షుగర్ ఉన్నట్టుండి 50, 80 పాయింట్లు పెరిగిందంటే లోపల ఇన్ఫెక్షన్ ముదురుతోందని అనుమానించాలి. కొందరిలో జ్వరం కన్నా ముందు ఇదే కనిపిస్తుంది.

ఇన్ఫెక్షన్‌లా కనిపించి ఇన్ఫెక్షన్ కానివి కొన్ని ఉన్నాయి. వీటికి యాంటీబయాటిక్ వాడి లాభం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది ప్లాస్టర్ పడకపోవడం. ఎరుపు సరిగ్గా ప్లాస్టర్ ఆకారంలోనే, చతురస్రంగా, తిన్నటి అంచులతో ఉంటుంది. నొప్పి కన్నా దురద ఎక్కువ, సన్నటి నీటి పొక్కులు ఉండవచ్చు, కుట్ల గీత మాత్రం శుభ్రంగా ఉంటుంది. దురద అయితే పడకపోవడం, నొప్పి అయితే ఇన్ఫెక్షన్ అన్నది ప్రతిసారీ నిజం కాకపోయినా, చాలాసార్లు నిలబడే గుర్తు. నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్లు, పౌడర్లు కూడా ఇలాగే చేస్తాయి. అది పడక ఎర్రబడితే ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకాస్త పూస్తారు, ఇంకా ఎర్రబడుతుంది. పేపర్ ప్లాస్టరుకి మారి, ఆయింట్‌మెంట్ ఆపితే రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

రెండోది లోపల రక్తం చేరడం. మత్తు మందులో కలిపే అడ్రినలిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగినట్టు కనపడి, కొన్ని గంటల్లో ఆ బిగువు వదిలాక లోపల కారడం మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లోనే ఉబ్బి, కమిలి, నీలంగా, తర్వాత పచ్చగా మారుతుంది. మీ నాన్నగారిది ఐదో రోజున మొదలైంది కాబట్టి ఇది అయ్యే అవకాశం తక్కువ. అయితే గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు వాడుతూ ఉంటే చెప్పండి. వాటిని సొంతంగా ఆపకండి. స్టెంటు ఉన్నవాళ్ళు ఆ మాత్ర ఆపితే వచ్చే ముప్పు ఈ గాయం ముప్పు కన్నా చాలా పెద్దది.

మూడోది సిస్ట్‌కే ప్రత్యేకం. లోపల ఉండేది కొవ్వు కాదు, చర్మం పై పొర నుంచి రాలే కెరాటిన్ అనే తెల్లటి పేస్టు, పుల్లని జున్ను వాసనతో. తీసేటప్పుడు సంచి చిట్లి అది కొంచెం లోపల మిగిలినా ఒళ్ళు దాన్ని పరాయి వస్తువులా చూసి గట్టిగా తిరగబడుతుంది. ఒక్క క్రిమి లేకపోయినా ఎర్రగా వాస్తుంది, తెల్లటి పదార్థం బయటికొస్తుంది. అంతకు ముందే వాచి నొప్పి పెట్టిన సిస్ట్‌ని ఆ వాపులోనే తీస్తే ఇలా అయ్యే అవకాశం ఎక్కువ, మళ్ళీ మొలిచే అవకాశమూ ఎక్కువ. అందుకే ఎర్రగా వాచిన సిస్ట్‌కి ముందు చిన్న గాటు పెట్టి చీము తీసి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, సంచిని పూర్తిగా తీయడం మంచి పద్ధతి. మీ నాన్నగారిది ఏ స్థితిలో తీశారో డాక్టరుని అడగండి. సంచి ముక్కలుగా వచ్చిందా, పూర్తిగా వచ్చిందా అన్నది కూడా అడగండి.

లోపలి కుట్ల దారం చుట్టూ వచ్చే చిన్న పొక్కు ఇంకొకటి. ఇది ఇప్పుడు కాదు, రెండు వారాల నుంచి మూడు నెలల మధ్య వస్తుంది. కుట్ల గీత మీద ఒక్కచోట గోధుమగింజంత ఎర్రటి పొక్కు, దాని కొసన తెల్లటి చుక్క, కొన్నిసార్లు దారం మొన కనిపిస్తుంది. కరిగే దారం పూర్తిగా కరగకముందే ఒళ్ళు దాన్ని బయటికి నెట్టడం అది. ఆ దారం ముక్కని పట్టకారుతో తీసేస్తే రెండు రోజుల్లో మానిపోతుంది.

ఇప్పుడు రేపు డాక్టరు ఏం చేస్తారో చెప్తాను. ముందే తెలిస్తే అక్కడ కంగారు పడరు.

లోపల చీము ఉందనిపిస్తే ఒకటో రెండో కుట్లు విప్పుతారు. ఇది చూసి చాలామంది భయపడతారు, గాయం మళ్ళీ తెరిచారే అని. కానీ మూసి ఉన్న చీముకి మందు ఒక్కటే కాదు, దారి కావాలి. చీము గూడులోకి రక్తనాళాలు ఉండవు, అందుకని మాత్ర వేసినా మందు అక్కడికి సరిగ్గా చేరదు. రెండు కుట్లు విప్పి, చీము వదిలి, సెలైన్‌తో కడిగి, గూడు లోతుగా ఉంటే సన్నటి గాజుగుడ్డ పట్టీ వదులుగా పెడతారు. కుక్కి పెట్టకూడదు. అది బిరడాలా అడ్డుపడి చీముని లోపలే నిలిపేస్తుంది. తర్వాత రోజూ డ్రెస్సింగ్. గాయం అడుగు నుంచి కండ పెరుగుతూ పైకి మానాలి. పైన తొందరగా మూసుకుపోతే లోపల మళ్ళీ చేరుతుంది. ఐదు కుట్ల గాయానికి ఇలా రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు, మచ్చ కాస్త వెడల్పుగా మిగులుతుంది. అంతకు మించి నష్టం లేదు.

చీము తీసేటప్పుడే కల్చర్‌కి పంపమని అడగండి. కల్చర్ అంటే చీములో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష. పైకి కారిన రసి కాదు, లోపలి చీము పంపాలి. యాంటీబయాటిక్ వేసుకోకముందే పంపాలి. షాపు మాత్ర ఆపమన్నది అందుకే. రెండు పూటలు వేసుకుని వెళ్తే క్రిమి చావదు, కల్చర్‌లో పెరగదు, రిపోర్టు ఖాళీగా వస్తుంది, తర్వాత ఏ మందు పనిచేస్తుందో తెలియక ఊహించి వాడాల్సి వస్తుంది. ఇప్పటికే వేసేసి ఉంటే దాచకండి, ఆ అట్ట పట్టుకెళ్ళి చూపించండి. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

అసలు మాత్రలు ఎప్పుడు కావాలి? ఎరుపు, గట్టిదనం గాయం అంచు నుంచి 5 సెంటీమీటర్లు దాటినా, జ్వరం 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, నాడి నిమిషానికి 110 దాటినా, తెల్లకణాలు 12,000 మించినా చీము తీయడంతో పాటు యాంటీబయాటిక్ తప్పదు. ఇవేవీ లేని ఆరోగ్యవంతుడికి చీము తీసి కడిగితే చాలాసార్లు అదే సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి, కీమో మందులో స్టెరాయిడ్లో వాడేవాళ్ళకి మాత్రం డాక్టర్లు ఈ హద్దు దాకా రానివ్వరు, ముందే మొదలుపెడతారు. అది సబబే. మొదట సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ లాంటివి ఇస్తారు. మామూలు పెన్సిలిన్ జాతికి లొంగని స్టాఫ్, ఎంఆర్‌ఎస్‌ఏ, మన దగ్గర ఎక్కువగానే ఉంది కాబట్టి రెండు రోజుల్లో తగ్గకపోతే కల్చర్ చూసి డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ వంటి వాటికి మారుస్తారు. పెన్సిలిన్ పడదంటే ముందే చెప్పాలి. మాత్ర మొదలుపెట్టిన మొదటి రోజు ఎరుపు గీత దాటి కొంచెం పెరిగినా భయం లేదు. 48 గంటలకి ఆగి వెనక్కి తగ్గాలి. తగ్గకపోతే మళ్ళీ చూపించాలి, ఐదు రోజుల కోర్సు అయ్యేదాకా ఎదురుచూడకూడదు.

గాయం మీద వేసేవాటి గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ కన్నా వీటివల్ల జరిగే చెరుపే ఎక్కువసార్లు కళ్ళబడుతుంది. పసుపు, కాఫీపొడి, సున్నం, బూడిద ఏవీ కుట్ల మీద పెట్టకండి. పసుపులో వాపు తగ్గించే గుణం ఉందన్న మాట నిజమే కావచ్చు, కానీ వంటింటి డబ్బాలోది క్రిములు లేకుండా చేసిన పొడి కాదు. పైగా ఎరుపు ఎక్కడిదాకా ఉందో, కారేది రసో చీమో దాని రంగులో కలిసిపోయి డాక్టరుకి కూడా కనపడదు. యాంటీబయాటిక్ పౌడర్లు రసితో కలిసి పిడచగట్టి, గట్టి పెచ్చులా మూసేస్తాయి. పైకి ఎండి మానినట్టే ఉంటుంది, కింద చీము ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుసా నురగ కడుతుంటే శుభ్రమవుతోంది అనిపిస్తుంది, కానీ అది క్రిమితో పాటు కొత్తగా పుడుతున్న చర్మకణాన్నీ చంపుతుంది. స్పిరిట్ కూడా అంతే. బెటాడిన్ చుట్టూ చర్మానికి పర్వాలేదు, మానుతున్న కండ మీద రోజూ పోయకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఎరుపుని దాచిపెడతాయి, మానడాన్ని ఆపుతాయి. దురదకి ఇంట్లో వాడే ట్యూబు ఏదైనా ఉంటే అందులో స్టెరాయిడ్ లేదని తెలిస్తే తప్ప ముట్టుకోవద్దు.

శుభ్రంగా ఉన్న కుట్లకి కావాల్సింది సాదా వైట్ పెట్రోలియం జెల్లీ, కొత్త ట్యూబు లోంచి, పలచగా. చర్మపు ఆపరేషన్ల తర్వాత దాన్నీ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌నీ తొమ్మిది వందల మంది దాకా మనుషుల్లో పోల్చి చూసిన పరిశోధన 1996లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. గాయాన్ని ఎండబెట్టాలన్నది పాతబడిన మాట. తేమగా ఉంచితే కొత్త చర్మం త్వరగా పాకుతుంది, పక్కు కడితే దాని కిందనుంచి తవ్వుకుంటూ పోవాల్సి వస్తుంది. మీ నాన్నగారి గాయం ఇప్పుడు ఇన్ఫెక్షన్ అనుమానంలో ఉంది కాబట్టి రేపటిదాకా జెల్లీ కూడా వద్దు. సెలైన్‌తో తుడిచి పొడి గాజుగుడ్డ చాలు.

పథ్యం. పప్పు, గుడ్డు, వంకాయ, గోంగూర, చింతపండు, మాంసం తింటే చీము పడుతుందని ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ దాదాపు ప్రతి ఇంట్లో నమ్ముతారు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు. కానీ చీములో ఉండేది చచ్చిన తెల్లకణాలు, క్రిములు, చివికిన కండ. పప్పుకీ దానికీ సంబంధం లేదు. గాయం పూడడానికి కావాల్సిన కొలాజెన్ మాంసకృత్తుల నుంచే తయారవుతుంది. అది తయారవడానికి సి విటమిన్ కావాలి. పది రోజులు చారన్నం, మజ్జిగన్నంతో గడిపితే అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ షుగర్ మనిషికి రెండు నష్టాలు. మాంసకృత్తులు అందవు, అన్నం ఎక్కువై షుగర్ పెరుగుతుంది. కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు పడేలా చూడండి. 65 కిలోల మనిషికి ఒక కప్పు గట్టి పప్పు, రెండు గుడ్లు, రెండు కప్పుల పెరుగు, ఒక పూట చేపో చికెనో పనీరో ఉంటే దగ్గరపడుతుంది. జామకాయ, ఉసిరికాయ మంచివి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం మాంసకృత్తుల లెక్క డాక్టరుని అడిగి పెట్టండి. ఇంట్లో వినకపోతే డాక్టరు చేతే ఒక మాట చెప్పించండి, ఆయన చెప్తే ఒప్పుకుంటారు.

స్నానం గురించి అడగలేదు గానీ వీపు కాబట్టి చెప్పాలి. కుట్టిన గాయం పైపొర 48 గంటల్లో అతుక్కుంటుంది. శుభ్రంగా మానుతున్న గాయానికి ఆ తర్వాత నీళ్ళు తగిలితే ఏమీ కాదు. చెంబుతో మెల్లగా పోసుకుని, రుద్దకుండా, ఉతికిన గుడ్డతో అద్దుకుంటే చాలు. చెరువు, బావి, ఈత కొలను, తొట్టిలో నానడం కుట్లు తీసిన వారం దాకా వద్దు. మీవాళ్ళకి రేపటిదాకా ఒళ్ళు తుడుచుకోవడమే మేలు. ఉతికిన నూలు బనీను రోజుకొకటి మార్చాలి. చెమట నానినదాన్ని ఒంటి మీదే ఆరనివ్వకూడదు.

వీపు మీద కుట్లు ఎన్నాళ్ళుంచాలి? ముఖానికి ఐదు నుంచి ఏడు రోజులు, తలకి ఏడు నుంచి పది, వీపుకీ కాళ్ళకీ పన్నెండు నుంచి పధ్నాలుగు. వంగినా, చెయ్యెత్తినా వీపు చర్మం సాగుతుంది. కుట్లు తీసే రోజుకి గాయానికి అసలు చర్మపు బలంలో పదో వంతు కూడా రాదు. మూడు వారాలకి ఐదో వంతు, మూడు నెలలకి కూడా నూటికి ఎనభై మించదు. కుట్లు తీయగానే సిలిండర్ ఎత్తడం, బిందె మోయడం, బస్తా దించడం చేసి గాయం విచ్చుకున్నవాళ్ళు తరచూ కనిపిస్తారు. నాలుగు వారాలు బరువులు వద్దు. ఏడో రోజుకి రమ్మన్నారని మీరు రాశారు. ఆ రోజు చూపించడం మంచిదే. కానీ మొత్తం కుట్లు అప్పుడే తీయకుండా ఉంచొచ్చా అని అడగండి. చీము ఉన్నచోట రెండు విప్పి, మిగతావి ఉంచడం కూడా మామూలే.

వెంటనే ఆస్పత్రికి, రాత్రైనా సరే, వెళ్ళాల్సినవి. పైకి కనిపించే ఎరుపుకి పొంతన లేనంత నొప్పి. గంటగంటకీ పాకే వాపు. చర్మం నల్లబడటం, ఊదా మచ్చలు, రక్తపు నీటి పొక్కులు. నొక్కితే చర్మం కింద చిటపటమనడం. మనిషి మగతగా ఉండటం, మాట తడబడటం, చలి వణుకు, బీపీ పడిపోవడం. ఇది చర్మం కింది పొరల్ని కుళ్ళబెట్టే ఇన్ఫెక్షన్ కావచ్చు. అరుదే, కానీ షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. ఆపరేషన్ చేసి కుళ్ళినదాన్ని తీయడానికి ఇక్కడ గంటలే గడువు. ఇలా ఉంటే చిన్న క్లినిక్‌లో ఆగకుండా, సర్జన్, ఐసీయూ రెండూ ఉన్న పెద్ద ఆస్పత్రికి నేరుగా వెళ్ళండి. ఆపరేషనైన మొదటి 48 గంటల్లోనే పెద్ద జ్వరంతో ఎరుపు పాకినా ఇంతే అత్యవసరం. మామూలు స్టాఫ్ అంత తొందరగా రాదు, స్ట్రెప్టోకాకస్ అనే ఇంకో క్రిమి వస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, నెమ్మదిగా వచ్చే ఇన్ఫెక్షన్ ఒకటుంది. మన దేశంలో దీన్ని తెలుసుకుని ఉండటం చాలా అవసరం. గాయం చక్కగా మానుతుంది, కుట్లు తీస్తారు. మూడు నుంచి ఆరు వారాలకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, గీత మీద చిన్న గట్టి ఉండ, అది చిట్లి పలచటి చీము, మానుతుంది, పక్కన ఇంకొకటి లేస్తుంది. జ్వరం ఉండదు, పెద్ద నొప్పీ ఉండదు. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదని వస్తుంది. మూడు నాలుగు రకాల యాంటీబయాటిక్స్ మారుస్తారు, తగ్గదు. ఇది నీటిలో బతికే మైకోబాక్టీరియా కావచ్చు. చెలోనీ, ఫార్చూయిటమ్, అబ్సెసస్ అని రకాలు. పరికరాలు ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఆవిరిలో పెట్టి క్రిముల్ని చంపడం) చేయకుండా మందు నీళ్ళలో నానబెట్టి కుళాయి నీళ్ళతో కడిగి వాడినప్పుడు వస్తుంది. టీబీ కుటుంబానికి చెందినవే గానీ మామూలు టీబీ మాత్రలకి లొంగవు. ఏఎఫ్‌బీ పరీక్ష (టీబీ జాతి క్రిముల్ని వెతికేది), మైకోబాక్టీరియా కల్చర్ అని ప్రత్యేకంగా రాసి చీమునీ, చిన్న ముక్కనీ పంపితేనే తెలుస్తుంది. మందులు క్లారిత్రోమైసిన్ వంటివి, నెలల తరబడి. అందుకే ఎక్కడ చేయించుకున్నా, ఎంత చిన్నదైనా, పరికరాలు ఆటోక్లేవ్ చేసినవేనా అని అడగడంలో మొహమాటం వద్దు. 121 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడితో కనీసం 15 నిమిషాలు ఉండాలి. గిన్నెలో నీళ్ళు మరిగించి ముంచి తీస్తే స్పోర్లు, అంటే గట్టి పెంకులో దాక్కున్న క్రిములు, చావవు. బ్యూటీ పార్లర్లలో పులిపిర్లు కాల్చడం, వెంట్రుక కట్టి తెంపడం, సోడా సున్నం పెట్టి మచ్చలు తీయడం ఇంకా ప్రమాదం. సూది సరిగా మార్చకపోతే హెపటైటిస్ బి, సి కూడా అంటుకుంటాయి.

మచ్చ సంగతి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు. ఛాతీ మధ్య, భుజాలు, వీపు పైభాగం, చెవి తమ్మె మీద కీలాయిడ్, అంటే గాయాన్ని దాటి ఉబ్బి పెరిగే మచ్చ, వచ్చే గుణం కొందరికి ఉంటుంది. ఇన్ఫెక్షన్ వచ్చిన గాయానికి ఇంకా ఎక్కువ. గాయం పూర్తిగా మూసుకున్నాక, రెండు మూడు నెలలకి, మచ్చ ఉబ్బి దురద పెడుతుంటే అప్పుడు చర్మ వైద్యుడికి చూపించండి. సిలికాన్ పట్టీ రోజుకి 12 గంటలు, కనీసం మూడు నెలలు. అది చాలకపోతే నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. మళ్ళీ కోయించుకోవడం మాత్రం తొందరపడి చేయకండి, కోస్తే ముందుకన్నా పెద్దది లేవవచ్చు.

రేపు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: రెండు ఫోటోలు, షుగర్ రాసిన కాగితం, ఆయన వాడే మాత్రలన్నీ అట్టలతో సహా, షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ అట్ట, ధనుర్వాతం టీకా ఆఖరిసారి ఎప్పుడు వేశారో గుర్తుంటే ఆ తేదీ. పదేళ్ళ లోపు వేసి ఉంటే శుభ్రంగా చేసిన చిన్న ఆపరేషన్‌కి మళ్ళీ అక్కర్లేదు. తీసిన గడ్డని బయాప్సీకి (అదేమిటో తేల్చే ల్యాబు పరీక్షకి) పంపారా, రిపోర్టు వచ్చిందా అని కూడా అడగండి. పంపకపోతే ఎందుకు పంపలేదో అడగండి. సిస్ట్ అనుకుని తీసినవాటిలో అరుదుగా వేరేది బయటపడుతుంది, ఆ కాగితం ఇంట్లో భద్రంగా ఉండాలి. డాక్టరు ఏమన్నారో, కుట్లు విప్పితే ఏం వచ్చిందో రాయండి, తర్వాత డ్రెస్సింగ్ ఇంట్లో ఎలా చేసుకోవాలో దాన్నిబట్టి చెప్తాను.